పీతపిల్లల ముగ్గు

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి పొండి! ఏటి ఒడ్డు ఇసుకలో తాబేలవ్వ గుడ్లు పెట్టడం, నీళ్లకొచ్చే గేదెలమంద వాటిని తొక్కెయ్యడం ఏటేటా జరిగేదే. ఈసారీ గుడ్లు పెట్టి, అవ్వ మందొచ్చే దారికేసి చూస్తూ కూర్చుంది.

“మేం ముగ్గేస్తాం అవ్వా!” అన్నాయి పీతపిల్లలు.

“మీ గీతలు గేదెల్ని ఆపుతాయట్రా, పిడికెడు లేరు!”

పిల్లలు వింటేనా! ఇసుకను ఉండలు చేసి, గుడ్ల చుట్టూ ముగ్గు పరిచాయి. ఎంత ముగ్గనుకున్నారు? తొంగిచూసిన వేగుచుక్క దారే తప్పింది!

తెల్లారగానే మంద దుమ్మురేపుతూ వచ్చింది. అవ్వ కళ్లు మూసుకుంది. ముందున్న దున్నపోతు టక్కున నిలబడిపోయింది.

“ఆగండే! ముగ్గు తొక్కితే మా అమ్మ వీపు చీరేస్తుంది!”

మందంతా పక్కనుంచి తిరిగి వెళ్లింది.

“నా బంగారు తండ్రులే!” అంది అవ్వ. ఆ ఏడాది పుట్టిన తాబేలుపిల్లలతో ఏట్లో నీళ్లకే చోటు చాల్లేదు.

సాక్ష్యమా? ఆ వింత చూస్తూ ఎత్తిన కాలు ఇంతవరకూ దించనివాడున్నాడు, కొంగ నీలాద్రి!