తోడుకోని పాలు

ఆ ఉదయం కాకినాడలో ఏ ఇంట్లోనూ పాలు తోడుకోలేదు. షుగరు జబ్బుకి మందు పెరుగులోనే దొరికే కాలం అది. పాలను తోడుపెడుతూనే ఆ మందు తయారుచేసే సూక్ష్మజీవిని సృష్టించిన అణుజీవశాస్త్రవేత్త విశాలాక్షి. అది ఎన్ని తరాలైనా మారకుండా కట్టుదిట్టం చేసిందీ ఆమే. ఇప్పుడు దాన్ని చంపే వైరస్ పుట్టుకొచ్చింది.

విశాలాక్షి కాలు నిలవక ల్యాబుకీ వంటింటికీ తిరుగుతోంది. భర్త భూషణానికి షుగరు పెరుగుతూనే ఉంది.

"ఆ మూల గిన్నె చూడవే," అన్నాడాయన బెరుగ్గా.

మూత తీస్తే గట్టి పెరుగు!

"ఇదెక్కడిదండీ?"

"రోజూ కొత్త తోడు ప్యాకెట్‌తోనే తోడెయ్యమంటావు. నాకేమో పులుపు కావాలి. ఏడాదిగా పాత పెరుగుతోనే తోడేసుకుంటున్నా. వైరస్ అన్నావని ఇవాళ భయపడి ముట్టలేదు."

ఆమె పరీక్షించింది. ఆ గిన్నెలోని జీవి ఆమె పెట్టిన కట్టడిని ఎప్పుడో తెంచుకుని మారిపోయింది. వైరస్ దాన్ని ఏమీ చేయలేకపోతోంది. మందు మాత్రం కాస్త తక్కువగానైనా తయారుచేస్తోంది. కోపం రావలసిన చోట ఆమెకి ఏడుపొచ్చింది.

ఆ పెరుగు తిన్నాక సాయంత్రానికి భూషణం షుగరు కొంచెం దిగింది. కబురు తెలిసి పక్కింటి రత్నకుమారి గిన్నె పట్టుకుని వచ్చింది.

"ఇది ఎప్పటికీ ఇలాగే ఉంటుందాండీ, డాక్టరుగారూ?"

నిన్న అడిగి ఉంటే విశాలాక్షి ఉంటుందనే చెప్పేది.

"ఉండదమ్మా, మారుతుంది. ఎటు మారుతుందో నాకూ తెలీదు. రోజూ కొంచెం తెచ్చి చూపించు."

రత్నకుమారి ఒక్క క్షణం తటపటాయించి, గిన్నె ముందుకు చాపింది. విశాలాక్షి అందులో తోడుకి కొంచెం పెరుగు వేసింది.