పదకొండో నంబరు

కాగితం మీద వరుసగా పద్నాలుగు నంబర్లు. పదమూడింటి ఎదుట ఇరవైకి అటూ ఇటూ.

పదకొండో నంబరు ఎదుట అరవై ఒకటి.

పదకొండు అంటే జహీరాబాద్ లాబొరేటరీ. అందులో పరీక్షలు చేసేది విరూపాక్ష ఒక్కడే.

హైదరాబాద్ నుంచి ఒకే పల్లీల పొడిని పద్నాలుగు చోట్లకు పంపారు. అందులో బూజు విషం ఎంతుందో ఎవరికి వాళ్లు తేల్చి రాయాలి. ముప్పై దాటితే తినడానికి పనికిరాదు.

అతను చీకటి గదిలోకి వెళ్లి యూవీ దీపం వేశాడు. గింజల్లోంచి తీసిన చుక్క నీలంగా మెరుస్తుంది. సీసాలోని అసలు విషపు చుక్కను పక్కన పెట్టి, మెరుపును కంటితో పోల్చి లెక్కకట్టాలి.

ఆ సీసా ఏడాదిగా కిటికీ దగ్గర వెలుతురులో ఉంది. బలం చచ్చిపోయింది. దాని పక్కన ఏ గింజైనా మూడు రెట్లు మెరుస్తుంది.

"కాగితం మీద పేర్లు రాయలే గద," అన్నాడు పై అధికారి అమర్నాథ్. "కొత్త సీసా తెప్పిద్దాం. ఫికర్ చెయ్యకు."

విరూపాక్షకు కాలు నిలవలేదు. పాత రిజిస్టరు తీశాడు.

ఆ ఏడాదిలో 'పనికిరాదు' అని రాసింది ఒక్కటే. 1982 డిసెంబరు. న్యాల్‌కల్ రైతు మహాదేవప్ప. నలభై బస్తాలు. డెబ్బై రెండు.

మూడుతో భాగించాడు. మళ్లీ భాగించాడు.

ఇరవై నాలుగు.

మర్నాడు పొద్దున్నే న్యాల్‌కల్ బస్సెక్కాడు. సీటు దొరికినా నిలబడే వెళ్లాడు.

"రా సారు, కూసో," మహాదేవప్ప గొంగడి పరిచాడు. "గా పల్లీలు నేనే గుంత తీసి పూడ్చిన. అమ్మితే ఎంతమంది తింటుండెనో. మీరు చెప్పబట్టి పాపం తగల్లే."

ఎద్దుల కొట్టం ఖాళీగా ఉంది.

విరూపాక్ష కూర్చున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు.

మహాదేవప్ప భార్య చెన్నమ్మ నీళ్ల చెంబు తెచ్చింది. "మా బిడ్డ నాగవ్వ గుంతల చెయ్యి పెట్టి గుప్పెడు తిన్నది సారు. ఆకలైందన్నది. కట్టె ఇరిగేదాంక కొట్టిన. నోట్లె ఏలు పెట్టి కక్కిచ్చిన."

అతను చెంబు అందుకుని కింద పెట్టాడు.

"అవి మంచియే."

"ఏవి సారు?"

"మీ పల్లీలు. తినొచ్చు. మా సీసా ఖరాబైంది." ఆగాడు. "సీసా కాదు. నేనే చూసుకోలే."

జేబులోంచి కాగితం తీశాడు. తన పరీక్ష తప్పని రాసి, కింద సంతకం. "ఎవరికి చూపిచ్చినా నేను కాదనను."

మహాదేవప్పకు చదువు రాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, మడిచి, రుమాలు మడతలో పెట్టుకున్నాడు.

చెన్నమ్మ చాలాసేపు గోడ పట్టుకుని నిలబడింది.

"నాగవ్వా, ఇటు రా," అని పిలిచింది.

ఏడేళ్ల పిల్ల బయటికొచ్చింది. తల్లి చేతికి అందనంత దూరంలో ఆగింది.