వాలు గీత

చనిపోయే ముందు ముసలి ఏనుగు కొండదారి పొడుగునా మద్దిచెట్ల మీద దంతంతో గీతలు గీసి, "వానలు లేని ఏడాది ఇవి చూసుకుంటూ వెళ్ళండి, నీళ్ళు దొరుకుతాయి," అని చెప్పిపోయింది.

ఆ ఏడాది రానే వచ్చింది. అడవిలో జంతువులన్నీ గీతల వెంట బయలుదేరాయి. దారి రెండుగా చీలిన చోట, చెట్టు మీద ఒక వాలు గీత కనబడింది. గీతలకు అర్థం చెప్పేది ఎప్పుడూ కొండముచ్చు తాతే. "వాలిందంటే తల వంచమని. వంచి, ఇక్కడే ఓపిక పట్టమని. నీళ్ళంటే ఈ నీళ్ళు కావర్రా, లోపలి చల్లదనం," అన్నాడు.

అందరూ తలలు వంచి కూర్చున్నారు. జింకపిల్ల నాలుక పిడచకట్టుకుపోయింది.

ఏదుపందికి ఒళ్ళు మండింది. లోపలి చల్లదనంతో దప్పిక తీరుతుందా? చరచరా వెనక్కి వెళ్ళి, దాటొచ్చిన చెట్లన్నీ మళ్ళీ చూసింది. గీత ఎటు వాలితే దారి అటే తిరిగింది. ప్రతిచోటా అంతే.

"తాతా, ఇది ఎడమకు వాలింది. ఎడమకే పోవాలి."

"నా అంత వయసుందా నీకు?"

"నాకు లేదు, ఏనుగుకుంది. ఈ గీతకు అర్థం తక్కిన గీతల్లో తనే చెప్పింది."

తల్లిజింక లేచి, ఎడమకు కదిలిన ఏదుపంది వెంట నడిచింది. తర్వాత మిగతావాళ్ళూ కదిలారు. ఎడమ లోయలో ఊట ఉంది.

కడుపునిండా తాగి అందరూ ఏదుపంది చుట్టూ మూగారు. కొండముచ్చు తాత కూడా తోక సర్దుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

"ఇకనుంచి అర్థాలు మీరే చెప్పాలి, గురువుగారూ!" అన్నారందరూ.

ఏదుపంది ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి.

"గీతలున్నది చెట్ల మీద, నా వీపు మీద కాదు. పోయి చూసుకోండి!"