తైచి వంతు

ఫ్రిజ్ మీద కొత్త పట్టిక అంటించాను. ఆరున్నరకు స్నానం, ఏడింటికి అన్నం, ఎనిమిదింటికి పడక. ఈ ఇంట్లో మళ్ళీ ఏదో ఒకటి వేళకు జరగాలి.

మొదటి రోజే ఆలస్యం. వేడినీళ్ళ తొట్టిలో మెడదాకా కూర్చుని, వంద లెక్కపెట్టాకే పిల్లలు లేవాలి. ఆరేళ్ళ కొతోహా యాభై దాకా గబగబా లెక్కపెట్టింది. ఆ తర్వాత చప్పుడు లేదు. పొయ్యి మీద మిసో చారు మరిగిపోతోంది.

తలుపు తట్టాను. "నిద్రపోయావా ఏంటే?"

"లేదమ్మా."

"మరి లెక్కపెట్టవేం?"

"నాది అయిపోయింది. యాభై ఒకటి నుంచి తైచి వంతు కదా."

నాలుగేళ్ళ మా తైచి పోయిన చలికాలం జ్వరంతో పోయాడు. పట్టికలో నేను ఒక్క పేరే రాశాను.

"వాణ్ణి తొందరపెట్టకమ్మా," అంది లోపలి నుంచి.

చారు దించేసి వచ్చి, తలుపు పక్కన నేల మీద కూర్చున్నాను. కాసేపటికి ఉండబట్టలేక అడిగాను.

"ఎంతదాకా వచ్చాడు?"

"డెబ్బై తొమ్మిది. మళ్ళీ డెబ్బైకే పోయాడు."

వాడెప్పుడూ అక్కడే తడబడేవాడు.

మర్నాడు పట్టికలో అన్నం పక్కన ఏడు కొట్టేసి, ఏడుంబావు అని రాశాను.