సప్త సముద్రాల స్నేహ సంఘం, కుంట శాఖ

ఏ ఊరిదని అడక్కండి, ఒక కుంట ఉండేది. అందులో గున్నమ్మ అనే బాతు ‘సప్త సముద్రాల స్నేహ సంఘం’ శాఖ ఒకటి పెట్టింది. జీతం లేదు, భత్యం లేదు. పొద్దస్తమానం గట్టంతా తిరిగి, "దూరదేశాల పక్షులు కష్టాల్లో ఉన్నాయర్రా, మనం అండగా నిలబడాలి" అని గొంతు పోయేలా చెప్పింది. కప్పలు జై కొట్టాయి. నత్తలు కొమ్ములెత్తాయి. బురదలో పడుకున్న గేదె కూడా, "లేవక్కర్లేదంటే నేనూ నీవైపేనక్కా" అంది.

ఆ సాయంత్రమే, సముద్రాలు దాటొచ్చిన ఓ బాతు, రెక్క వాచిపోయి, కుంటలో దబ్బున పడింది.

"అమ్మా, రెక్క తగ్గేదాకా ఉండనివ్వండి" అంది.

కప్పలు మునిగిపోయాయి. నత్తలు కొమ్ములు లోపలికి లాక్కున్నాయి. గేదె మాత్రం చటుక్కున లేచి నిలబడింది.

"స్నేహమన్నావు గానీ గున్నమ్మక్కా, వాళ్ళు వస్తారని చెప్పలేదే!"

గున్నమ్మ నొచ్చుకుంటూ అతిథి దగ్గరికి ఈదుకెళ్ళింది.

"ఏమీ అనుకోకు తల్లీ. మాది దూరాన ఉన్నవాళ్ళని ఆదుకునే సంఘం. నువ్వెలాగో ఓపిక చేసుకుని ఆ కొండ అవతలికి ఎగిరావంటే, ఇక చూడు, నీ వెనక మా కుంట కుంటంతా ఉంటుంది!"