బోర్డు మీద పన్నెండు

ఉదయం ఆరూ నలభైకి క్రేన్ తాడు తెగింది. స్టీల్ కాయిల్ కింద పడింది. పక్కన నిలబడి జెండా చూపిస్తున్న సిగ్నల్‌మ్యాన్ త్రినాథరావు అక్కడికక్కడే చనిపోయాడు.

అది వన్ టౌన్ దాటాక పోర్టు రోడ్డు మీదున్న ఓ ప్రైవేటు యార్డు. ఆ క్రేన్ మోయగలిగింది పదిహేను టన్నులు. కాయిల్ బరువు ఇరవై ఒకటి. కాస్త ఎత్తి, క్యాబిన్‌లో బరువు చూపే బోర్డు మీద అంకె చూసి, ఎక్కువుంటే దించేయడం ఆపరేటర్ పని. బోర్డు పన్నెండు చూపించిందని ఆపరేటర్ జగ్గారావు చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. పోలీసులు అతన్ని గేటు పక్క సెక్యూరిటీ గదిలో కూర్చోబెట్టారు. మధ్యాహ్నంలోగా యంత్రంలో తప్పు తేలకపోతే కేసు అతని మీదే రాస్తానని ఎస్సై చెప్పి వెళ్లాడు.

తొమ్మిదింటికి నీలిమ వచ్చింది. క్రేన్లకు బరువు చూపే కంప్యూటర్లు అమర్చే కంపెనీలో ఇంజనీరు.

గేటు దగ్గర జగ్గారావు భార్య నూకాలు ఆమె చేతులు పట్టుకుంది.

"కావాలని సెయ్యనేదమ్మా. మావోడు సీమని కూడా తొక్కడు. నీ కాళ్లట్టుకుంతాను."

నీలిమ చేతులు విడిపించుకోలేదు. "చూడనీ అత్తా" అంది.

మేనేజర్ దేవీప్రసాద్ ఎదురొచ్చాడు.

"మీరొచ్చారేంటండీ? వేరేవాళ్లని పంపమని మీ ఆఫీసుకి చెప్పానే!"

"ఈ యంత్రం బిగించింది నేను. ఇంకెవరొచ్చినా రెండ్రోజులు పడుతుంది."

"పట్టనీయండి."

"జగ్గారావుకి అంత టైం లేదు గదండీ."

అతను పక్కకి తప్పుకున్నాడు.

వేరే యార్డు నుంచి అప్పటికప్పుడు పిలిపించిన ఆపరేటర్ నాగవంశీ ఆమెతో క్యాబిన్‌కి ఎక్కాడు.

"డ్రైవర్‌దే తప్పని అందరూ ఒకటే మాట. మీ పెట్టెలో కూడా డ్రైవరుంటాడంట గదా మేడమ్. ఆణ్ణెవుడూ అడగడేటి?"

"అడగడానికే వచ్చాను."

ఆమె లాప్‌టాప్ తీసింది. మొన్ననే విశ్వకర్మ పూజ అయింది. మూత మీద ఇంట్లో పెట్టిన కుంకుమ బొట్టు ఎండిపోయి ఉంది. బొట్టు మధ్యలో బియ్యపు గింజ.

హుక్ నుంచి బరువు తెచ్చే తీగ విప్పి, దాని చోట పరీక్ష పెట్టె తగిలించింది. దాన్లోంచి ఏ బరువు పంపితే బోర్డు మీద ఆ అంకె రావాలి. ఎనిమిది పంపింది. ఎనిమిది వచ్చింది. ఇరవై పంపింది. ఇరవై వచ్చింది. గంటన్నర రకరకాల బరువులు పంపింది. ఒక్క అంకె తప్పలేదు.

ఫోన్ మోగింది. పెద్దమ్మ కొడుకు గోపి.

"అక్కా, ఇంకెంతసేపు? అందరం నీకోసమే సూత్తన్నాం."

"పని కాలేదురా" అని పెట్టేసింది.

దేవీప్రసాద్ కింద నుంచి అరిచాడు. "యంత్రం బాగానే ఉందని చెప్పేయనా?"

"ఆగండి."

ఆమె నాగవంశీ వైపు తిరిగింది. "ఆ కాయిల్ ఎక్కడిది?"

"అదిగో, ఆ షెడ్డు ఎనకాల మూలదంట."

క్యాబిన్‌లోంచి ఆ మూల కనపడలేదు.

"కనపడనిది ఎలా ఎత్తుతారు?"

"కెమెరా ఏసుకుని."

చివరగా పంపిన ఇరవై ఇంకా బోర్డు మీదుంది. ఆమె కెమెరా వేసింది. ముప్పై పంపింది. బోర్డు మీద ఇరవయ్యే ఉంది. ఐదు పంపింది. ఇరవై. సున్నా పంపింది. ఇరవై.

నాగవంశీ కుర్చీలోంచి లేచాడు. "ఇదేటి?"

ఆమె కంప్యూటర్ పెట్టె విప్పింది. లోపల రెండు కార్డులు. ఒకటి బరువుది, ఒకటి కెమెరాది. కార్డు ఏ స్లాట్‌లో ఉందో చూసి కంప్యూటర్ దానికి మెమరీలో చోటిస్తుంది. బరువు కార్డును నడిపే డ్రైవర్ పాత ప్రోగ్రాం. ఇచ్చిన చోటు పట్టించుకోదు, ఎప్పటి చోటే పట్టుకుంటుంది. ఇప్పుడా చోటు కెమెరాకి ఇచ్చి ఉంది. కెమెరా వేయనంతసేపూ గొడవ లేదు. వేయగానే బోర్డు పాత అంకె దగ్గర ఆగిపోతుంది.

రెండు కార్డులూ ఒకదాని స్లాట్‌లో ఒకటి ఉన్నాయి. వాటి మీద దుమ్ము లేదు. అంచున కుంకుమ బొట్లు. బొట్టు మధ్యలో బియ్యపు గింజ.

ఆమె రెండింటినీ విప్పి తీసుకుంది. తర్వాత కిందికి దిగి సెక్యూరిటీ గదికి వెళ్లింది. జగ్గారావు తలెత్తలేదు.

"పూజకి పెట్టె విప్పి తుడిచిందెవరు మావా?"

"నాకు తెల్దు."

"నీ క్యాబినే గదా."

"అయితే నానే ఇప్పేను. నానే తుడిసేను. రాసుకో."

"నిజం చెప్పు మావా."

అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "సచ్చినోడి మీద ఎయ్యకమ్మా. నా కర్మేదో నాను పడతాను."

ఎస్సై వచ్చాడు. గుమ్మం దగ్గర అంతా విన్న దేవీప్రసాద్ ఆమెను పక్కకి పిలిచాడు.

"జగ్గారావు ఒప్పుకుంటానంటున్నాడు. వదిలేయండి. చనిపోయినాయన వల్లే జరిగిందని తేలితే కంపెనీ ఏమీ ఇవ్వదు. ఇంట్లోవాళ్లకి ఉద్యోగమూ ఇవ్వదు. వరహాలమ్మగారి సంగతి ఆలోచించారా?"

వరహాలమ్మ త్రినాథరావు భార్య.

"ఆలోచించాను" అంది నీలిమ.

కార్డులు రెండూ ఎస్సై ముందు పెట్టింది.

"స్లాట్ మారితే పనిచేయని డ్రైవర్ మా కంపెనీది. అది ఇక్కడ ఎవరికీ చెప్పని తప్పు మాది. జగ్గారావు చూసింది అంతకుముందు ఎత్తిన బరువు దగ్గర ఆగిపోయిన అంకె."

"స్లాట్లు మార్చిందెవరు?"

"పూజకి తుడిచి, తారుమారుగా పెట్టారు."

"ఎవరమ్మా?"

"త్రినాథరావు."

పన్నెండున్నరకి జగ్గారావును వదిలేశారు. నూకాలు ఆటో పిలిచింది. అతను ఎక్కలేదు. గేటు దగ్గరే నేలమీద కూర్చున్నాడు.

రెండింటికి ఆసుపత్రి మార్చురీ దగ్గర త్రినాథరావు మృతదేహాన్ని అతని కూతురు నీలిమ సంతకం పెట్టి తీసుకుంది.