బ్యూక్ డిక్కీ

"ఏవయ్యా వర్జిల్, నీ అమ్మకాల రికార్డులేవీ?" అన్నారు లైసెన్సు తనిఖీకి వచ్చిన టాకెట్ మేడమ్.

కెంటకీ మొత్తంలో నా అంత పద్ధతిగా పాత కార్లు అమ్మేవాడు లేడని నాకు గొప్ప. ఆఫీసు కప్పు కారుతోందని, కాగితాలన్నీ ఎవరూ కొనని ఓ ముసలి బ్యూక్ కారు డిక్కీలో పెట్టి తాళమేస్తాను.

దర్జాగా ఆవిణ్ణి బయటికి తీసుకెళ్లాను. బ్యూక్ ఉండాల్సిన చోట నూనె మరక ఉంది.

"నిన్న అమ్మేశానండీ," అన్నాను నీళ్లు నములుతూ.

"ఎవరికి?"

"పేరు, చిరునామా, తిరిగిన మైళ్లు... అన్నీ పొల్లుపోకుండా రాశానండీ."

"మరి చూపించు."

"ఆ కాగితం ఎప్పట్లాగే డిక్కీలో భద్రంగా పెట్టాకే, అతని చేతికి తాళాలిచ్చాను."